వణికే చేయి – నైరూప్య చిత్రం



ఇంతవరకు మనం మధుమేహం, రక్తపోటు, వృద్ధాప్యంలో ఎముకల పెళుసుదనం మొదలైన విషయాలు ముచ్చటించుకున్నాం. ఆ వ్యాసాలన్నీ వైద్యుని కుర్చీలో కూర్చుని వ్రాసినవి. ఈ వ్యాసం ఆ కుర్చీకి ఎదురుగా ఉండే బల్లమీద, రోగులు కూర్చునే చోట కూర్చుని వ్రాస్తున్నాను. నాకు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నదని నిర్ధారణ అయి ఏడేళ్ళు గడిచాయి. ఈ ఏడేళ్ళలో చివరి ఐదేళ్ళుగా నేను బొమ్మలు వేస్తున్నాను. బొమ్మలంటే చెట్టు, పుట్ట, దేవుడు, మనిషి కాదు. వాటిని నైరూప్య చిత్రాలంటారు. ఇంట్లో క్యాలెండరు మీది లక్ష్మీదేవిని చూడగానే లక్ష్మీదేవి అని మీరు గుర్తుపడతారు. నైరూప్య చిత్రంలో అలా పోల్చుకోవడానికి ఏ వస్తువూ ఉండదు. గీత, రంగు, ఆకృతి, వాటి నడుమ ఖాళీ, ఇవే అందులోని సరంజామా. డెబ్బై దాటిన ప్రభుత్వ వైద్యుడికి ఇదేమి వ్యాపకమని మా బంధువులు కొందరు వెనుకనుంచి నవ్వుకున్నారు. ఎదుట నవ్వినవారు కూడా ఉన్నారు.

ముందుగా వ్యాధి గురించి క్లుప్తంగా చెబుతాను. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఆరుగురు రోగుల లక్షణాలను వర్ణిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. వారిలో కొందరు ఆయన చికిత్సకు వచ్చినవారు కూడా కారు. వీథిలో నడుస్తుండగా ఆయన కంటబడినవారు. మన ఆయుర్వేదంలో కంపవాతమని వ్యవహరించే స్థితికి ఈ వర్ణన చాలా దగ్గరగా ఉంటుంది. మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా నశించడమే ఈ వ్యాధికి మూలం. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, ఊరకే ఒడిలో పెట్టుకున్న చేతిలో వణుకు, కొన్నేళ్ళకు నిలకడ తప్పి తూలడం, ఇవి పైకి కనిపించే లక్షణాలు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసి వణికే తీరును వైద్యగ్రంథాలలో పూర్వకాలపు మందుల దుకాణంలో మాత్రలు చుట్టడంతో పోల్చారు. మన కంటికి అది జపమాల త్రిప్పుతున్నట్లు ఉంటుంది. మా వీథిలో ఒక పెద్దావిడ నన్ను చూసి, డాక్టరు గారు ఎప్పుడూ నామజపంలోనే ఉంటారని మెచ్చుకున్నది. నేను దిద్దలేదు.

అయితే వణుకు రాకముందే వ్యాధి ఇంట్లో అడుగుపెట్టి ఉంటుంది. మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో కేకలు వేయడం, చేతులు కాళ్ళు విసరడం, కారణం లేని దిగులు, ఇవి కొందరిలో ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతాయి. నా విషయంలో మొదట పోయినది ఇంగువ వాసన. చారుకు పోపు పెడితే ఇల్లంతా గుప్పుమనేది. ఆ గుప్పుమనడం ఆగిపోయింది. తరువాత నడిచేటప్పుడు కుడిచేయి ఊగడం మానేసింది. మూడవది చేతివ్రాత.

చేతివ్రాత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ వ్యాధిలో అక్షరాలు చిన్నవైపోతాయి. పంక్తి మొదట్లో బఠాణీ గింజంత ఉన్న అక్షరం పంక్తి చివరికి ఆవగింజంత అవుతుంది. మన లిపిలో ఇది మరింత ఇబ్బంది. తెలుగు అక్షరాలన్నీ వంపులు. వంపు కుంచించుకుపోతే ‘వ’కూ ‘ప’కూ తేడా తెలియదు, తలకట్టు దీర్ఘమై కూర్చుంటుంది. ఒకనాడు పింఛను సొమ్ము తీసుకుందామని వెళితే బ్యాంకులో నా సంతకం సరిపోలడం లేదన్నారు. కౌంటరులోని అబ్బాయి మర్యాదస్తుడే. "సార్, ఇది మీ సంతకంలా లేదండి, మరొక్కసారి పెట్టండి" అని నాలుగుసార్లు కాగితం ఇచ్చాడు. నాలుగు సంతకాలూ ఒకదానికొకటి పోలిక లేకుండా వచ్చాయి. ముప్పైయేళ్ళకు పైగా ప్రభుత్వోద్యోగంలో ఎందరి ఆరోగ్య ధ్రువపత్రాల మీదనో చెల్లిన సంతకం అది. ఈమాట చెప్పుకుని బాధపడడం నా ఉద్దేశం కాదు. చేతి కదలికలో వచ్చిన మార్పు మనిషి గుర్తింపునే ఎలా తాకుతుందో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నాకొక అభ్యాసం చెప్పింది. పెన్ను పక్కన పెట్టి, వెడల్పు కుంచెతో, పాత వార్తాపత్రిక మీద, పత్రిక నిండేటంత పెద్ద అక్షరాలు వ్రాయమన్నది. కావాలని పెద్దగా వ్రాస్తే చేయి సాగుతుంది. సిరా నీళ్ళలో కలిపి ‘అ’ నుంచి మొదలుపెట్టాను. పొద్దున మాత్ర పనిచేసే వేళ చూసుకుని రోజూ ఇరవై కాగితాలు. ‘ఠ’ వ్రాస్తే చుక్కతో కూడిన చక్రం, ‘ల’ వ్రాస్తే మెలిక. రెండు వారాలు గడిచాక ఒక విచిత్రం గమనించాను. అంత పెద్ద అక్షరం దగ్గరనుంచి చూస్తే అక్షరంగా కనిపించదు. అది కేవలం ఒక వంపు, వంపు ప్రక్కన ఒక ఖాళీ. నేను అక్షరం పూర్తిచేయడం మరచి, ఆ ఖాళీ ఎంత ఉంటే బాగుంటుందో చూసుకుంటూ కుంచె నడుపుతున్నాను. అదే నా మొదటి నైరూప్య చిత్రం. దాని క్రింద వరిధాన్యం మద్దతు ధర గురించిన వార్త ఇప్పటికీ చదువుకోవచ్చు.

అంతకుముందు నాకు బొమ్మలు రావని అనుకోవద్దు. ఆరోగ్య కార్యకర్తలకు పాఠాలు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద గుండె, మూత్రపిండాలు, గర్భాశయం రంగు సుద్దలతో వేసేవాడిని. సెలవు రోజుల్లో గోదావరి గట్టున కూర్చుని తెరచాప పడవలను పెన్సిలుతో గీసేవాడిని. వ్యాధి వచ్చాక ఒకసారి ఆ పడవనే మళ్ళీ గీయబోయాను. తెరచాప అంచు నిలువుగా రావాలి. అది రంపపు పళ్ళలాగా వచ్చింది. ఆ కాగితంలో నాకు పడవ కనిపించలేదు, నా వ్యాధి కనిపించింది. చూసినవారికి కూడా అదే కనిపించింది. "పాపం, చేయి వణుకుతోంది కదా" అన్నారు. పడవ బొమ్మకు పడవ అనే సాక్షి ఒకటుంది. గీత ఎంత తప్పినదో ఆ సాక్షి వెంటనే చెప్పేస్తుంది. నైరూప్య చిత్రానికి అటువంటి బయటి సాక్షి లేదు. వణికిన గీత అక్కడ వణికిన గీతే. అది మరొక నిటారు గీతకు చెడిపోయిన నకలు కాదు.

ఇంతమాత్రాన ఎలా గీసినా చెల్లుతుందని అనుకోకండి. ఈ అపోహ చాలామందిలో ఉంది. నేను వేసిన వాటిలో పదింట ఎనిమిది బాగుండవు. ఎందుకు బాగుండలేదో కూడా చెప్పగలను: రంగు ఎక్కువైంది, ఖాళీ చాలలేదు, ఒక మూల బరువెక్కి కాగితం ఒరిగినట్లున్నది. తేడా ఏమిటంటే ఆ తప్పులకు కారణం నా నిర్ణయం, నా వ్రేళ్ళు కావు. నిర్ణయాన్ని రేపు మార్చుకోవచ్చు.

శరీరం మొరాయించిన తరువాత కళ మారిన ఉదాహరణలు చరిత్రలో ఉన్నాయి. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్ 1941లో కడుపులో క్యాన్సరుకు పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ తరువాత చాలాకాలం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. చిత్రఫలకం ముందు నిలబడలేక, సహాయకులు రంగులు పూసి ఇచ్చిన కాగితాలను కత్తెరతో కత్తిరించి, అతికించి బొమ్మలు కట్టాడు. 1953 నాటి ‘నత్త’ అనే చిత్రం ఆ విధంగా చేసినదే. తొమ్మిదడుగుల పైచిలుకు చదరంలో కొన్ని రంగు ముక్కలు, అంతే. స్విట్జర్లాండులో పాల్ క్లే అనే చిత్రకారునికి 1935లో జబ్బు మొదలైంది. అది చర్మాన్ని, లోపలి అవయవాలను గట్టిపరచే స్క్లిరోడెర్మా అని ఆయన మరణానంతరం వైద్యులు అంచనా వేశారు. 1936లో ఆయన చేసినవి పాతిక చిత్రాలు మాత్రమే. 1939లో పన్నెండు వందలకు పైగా చేశాడు. 1940 జూన్‌లో మరణించాడు. వెనుకటి సన్నని గీతల స్థానంలో ఈ చివరి చిత్రాలలో లావుపాటి నల్లని పట్టీల వంటి గీతలు వచ్చాయి. 1938లో ఆయన వేసిన ఒక పెద్ద చిత్రం వార్తాపత్రిక కాగితం మీద వేసినదని చదివినప్పుడు, నా వరిధాన్యం వార్త గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

కాని నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది మన దేశపు చిత్రకారిణి నస్రీన్ మొహమ్మది. ఆమె 1937లో కరాచీలో జన్మించారు. లండన్‌లో చిత్రకళ అభ్యసించారు. 1972 నుంచి బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగంలో బోధించారు. కదలికల మీద అదుపును క్రమంగా హరించే నాడీవ్యాధితో ఏళ్ళ తరబడి బాధపడి 1990లో యాభైమూడేళ్ళకే మరణించారు. ఆమె చిత్రాలను మీరు అంతర్జాలంలో చూడండి. తెల్లని కాగితం మీద సిరాతోను, పెన్సిలుతోను గీసిన సన్నని గీతలు. వెంట్రుకవాసి తేడాతో ఒకదాని ప్రక్కన ఒకటి, కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా, ఏటవాలుగా. రంగు దాదాపు ఉండదు. చాలావాటికి పేరు లేదు, తేదీ లేదు. 2016లో న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖను తెరిచినప్పుడు ప్రారంభ ప్రదర్శనలలో ఒకటిగా ఆమె చిత్రాలను ఉంచింది.

వైద్యుడిగా నేను ఆ చిత్రాల ముందు మొదట అడిగిన ప్రశ్న, ఈ వ్యాధితో ఈ గీత ఎలా సాధ్యమని. ఆమె ఇంజనీర్లు వాడే డ్రాయింగు బల్ల, కొలత పరికరాలు వాడేవారు. పట్టీ ఆనించి గీసిన గీత వేరు, చేయి గాలిలో నిలబెట్టి గీసిన గీత వేరు. ఆధారం దొరికితే చేయి కుదురుకుంటుంది. ఈ చిన్న సంగతి వెనుక నాడీశాస్త్రం ఉన్నది. దాన్ని నేను పుస్తకంలో కంటె మా గుమ్మంలో బాగా నేర్చుకున్నాను.

పార్కిన్సన్స్ వ్యాధిలో అడుగు స్తంభించడం అనే లక్షణం ఉంది. రోగి చక్కగా నడుస్తూ వచ్చి గడప దగ్గరనో, ఇరుకు సందులోనో, మలుపులోనో హఠాత్తుగా ఆగిపోతాడు. పాదాలు నేలకు మేకు కొట్టినట్లు ఉంటాయి. ఇంట్లోవాళ్ళు వెనుకనుంచి తోస్తే పడిపోతాడు. దయచేసి ఎన్నడూ తోయకండి, చేయి పట్టి లాగకండి. నాకిది నాలుగేళ్ళ క్రితం మొదలైంది. నడవా నుంచి వీథి గుమ్మంలోకి రాగానే ఆగిపోయేవాడిని. ఒక ధనుర్మాసంలో ఉదయం మా శ్రీమతి గుమ్మం ముందు ముగ్గు వేసి లోపలికి వచ్చింది. నేను యథాప్రకారం గడప దగ్గర నిలబడిపోయి ముగ్గు వంక చూస్తున్నాను. అడ్డంగా వేసిన పట్టె గీతలున్నాయి కదా, మొదటి గీత తొక్కకుండా దాటాలని కాలు ఎత్తాను. కాలు లేచింది. రెండవ గీత, మూడవ గీత. వీథిలోకి వచ్చేశాను.

ఇందులో మహత్తు ఏమీ లేదు. అలవాటైన కదలికను లోపలినుంచి తనంతట తాను మొదలుపెట్టే యంత్రాంగం ఈ వ్యాధిలో దెబ్బతింటుంది. కంటికి కనిపించే సంకేతం ఒకటి ఎదురైతే మెదడు మరొక త్రోవన ఆ కదలికను నడిపిస్తుంది. అందుకే నేలమీద అడ్డగీతలు గీస్తే చాలామంది రోగుల నడక మెరుగవుతుంది. గీతలున్న కాగితం ఇస్తే కుంచించుకుపోయిన చేతివ్రాత కూడా కొంత పెద్దదవుతుంది. అందరికీ ఒకే మాదిరిగా పనిచేయదు, పనిచేసినా కొంతకాలానికి ప్రభావం తగ్గవచ్చు. మా నడవాలో అడుగుకు ఒకటి చొప్పున రంగు టేపు అంటించుకున్నాం. మీ ఇంట్లో ఈ వ్యాధి ఉన్నవారుంటే ఫిజియోథెరపీ నిపుణుల సలహాతో ప్రయత్నించి చూడండి. ఖర్చు యాభై రూపాయలు.

ముగ్గు నుంచి నేను తెచ్చుకున్న రెండవ పాఠం చుక్క. మన ఆడవాళ్ళు తరతరాలుగా వాకిట్లో వేస్తున్నది నైరూప్య చిత్రమే. తామర, రథం వంటి బొమ్మల ముగ్గులు ఉన్నాయి. కాని చుక్కల చుట్టూ మెలికలు తిరిగే ముగ్గుకు ఏ వస్తువుతోనూ పోలిక లేదు. దానికి అర్థమేమిటని ఏ తెలుగింట్లోనూ ఎవరూ అడగరు. బాగా కుదిరిందా, లేదా అని మాత్రమే చూస్తారు. నేను కాగితం మీద ఏడు వరుసల్లో ఏడేసి చుక్కలు పెట్టుకుని, కుంచెను ఒక చుక్క నుంచి తరువాతి చుక్కకు నడపడం మొదలుపెట్టాను. ఖాళీ కాగితం మీద కుంచె మొదలుపెట్టలేక ఆగిపోయే చేయి, చుక్క కనిపిస్తే బయలుదేరుతుంది. చుక్కకు చుక్కకు మధ్య గీత వణుకుతుంది. వణకనిస్తాను. ఒకే కాగితంలో నలభై ఎనిమిది వణుకుడు గీతలు పక్కపక్కన చేరితే అది నీటి మీద గాలి తాకిడిలా ఉంటుంది. నిటారు గీతలతో ఆ కదలిక రాదు.

మా శ్రీమతి నాకు ప్రధాన విమర్శకురాలు. ఆమెకు కళా సిద్ధాంతాలతో పని లేదు. "ఇది కుదరలేదండీ, మూల ఖాళీగా ఒదిలేశారు" అంటుంది. "ఏమండీ, దీన్ని ఇక ముట్టుకోకండి" అని ఒక్కోసారి కాగితం లాక్కుని పోతుంది. ఆ రెండవ మాట కోసం నేను చాలా కాగితాలు ఖర్చు చేశాను.

ఇప్పుడు మందుల విషయం. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం కూడా ఇదే. ఈ వ్యాధికి ప్రధాన ఔషధం లెవోడోపా. 1960ల నుంచి వాడుకలో ఉంది. మెదడులో అది డోపమిన్‌గా మారుతుంది. దీనితోపాటు కొందరికి డోపమిన్ చేసే పనిని అనుకరించే మందులు ఇస్తారు, ప్రామిపెక్సోల్ వంటివి. నాకు మూడేళ్ళ క్రితం ఆ మందు చేర్చారు. కాళ్ళు చేతులు తేలికపడ్డాయి. రెండు నెలలు గడిచేసరికి నేను తెల్లవారుజామున మూడు గంటలకు లేచి బొమ్మలు వేస్తున్నాను. వారానికి అరవై, డెబ్బై కాగితాలు. బయట వర్షం పడుతున్నా, కాఫీ చల్లారిపోయినా తెలిసేది కాదు. ఆన్‌లైన్‌లో రంగుల డబ్బాలు తెప్పించాను; తెప్పించిన రంగులే మళ్ళీ తెప్పించాను. ఇక బొమ్మలు కూడా కాదు, గొట్టాలను వర్ణక్రమంలో పేర్చడం, తీయడం, మళ్ళీ పేర్చడం. అంత ఉత్సాహం నా జీవితంలో ఎన్నడూ ఎరుగను. యాభై ఏళ్ళుగా దాగి ఉన్న కళాకారుడు బయటికి వచ్చాడని ఒక మిత్రుడు ఫోనులో అభినందించాడు.

మా శ్రీమతి ఒక పుస్తకంలో తేదీలవారీగా నా నిద్ర గంటలు, కొన్న సామగ్రి వ్రాసిపెట్టింది. నెల చివర ఇద్దరం ఆ పుస్తకం తీసుకుని నాడీవైద్యుని వద్దకు వెళ్ళాం. ఈ రకం మందులు కొందరిలో అదుపులేని కోరికలను రేకెత్తిస్తాయి. జూదం, అవసరం లేని కొనుగోళ్ళు, అతిగా తినడం, వయసుకు మించిన కామవాంఛ, ఒకే పనిని గంటల తరబడి చేయడం. ఫోనులో రమ్మీ ఆడి పొలం అమ్మినంత పని చేసిన పెద్దాయన వెనుక ఇటువంటి మాత్ర ఉండవచ్చు. ఇంట్లోవాళ్ళు దాన్ని నడవడిక చెడిపోవడమనుకుంటారు, ఆయన సిగ్గుతో నోరు విప్పడు. ఈ మందు వాడుతున్నవారి కుటుంబసభ్యులారా, ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి. అట్లా అని మందును మీరే ఒక్కసారిగా మానేయకూడదు. అది కూడా ప్రమాదమే. వైద్యుడు మెల్లమెల్లగా తగ్గిస్తాడు.

తగ్గించాలని నిర్ణయమైన రోజు నాకు కలిగిన భయం మీతో పంచుకోవాలి. బొమ్మలు వేసింది నేనా, మాత్రా? మాత్ర తగ్గితే బొమ్మ కూడా పోతుందా? వ్యాధి నా సంతకం తీసుకుపోయినప్పుడు దాని బదులుగా దొరికినదొక్కటే. అది కూడా ఒక రసాయనపు ప్రభావమే అయితే?

ఈ ప్రశ్న నాకొక్కడికే వచ్చినది కాదు. పార్కిన్సన్స్ రోగులలో మందులు మొదలుపెట్టాక కవిత్వమో చిత్రలేఖనమో కొత్తగా పుట్టుకొచ్చిన ఉదంతాలను వైద్యులు నమోదు చేశారు. వేరొక మెదడు వ్యాధిలో ఇంతకంటె వింతైన ఉదాహరణ ఉన్నది. కెనడాలో ఆన్ ఆడమ్స్ అనే శాస్త్రవేత్త తన వృత్తిని వదలి చిత్రలేఖనంలోకి వచ్చారు. 1994లో ఆమె రావెల్ అనే ఫ్రెంచి సంగీతకారుని ‘బొలేరో’ అనే స్వరరచనను రంగులలోకి మార్చి, ఒక్కొక్క సంగీత పాదానికి ఒక్కొక్క నిలువు ఆకృతి చొప్పున చిత్రించారు. అప్పటికి ఆమెకు జబ్బు లక్షణాలు లేవు. కొన్నేళ్ళకు మాట తగ్గుతూ వచ్చింది; మాటలను క్రమంగా హరించే ఒక మెదడు క్షీణత అని తేలింది. ఆమె 2007లో మరణించారు. మరుసటి ఏడు వైద్యులు ఆమె కథను ప్రచురించారు. 1928లో ‘బొలేరో’ కూర్చిన రావెల్‌కు కూడా తరువాత అదే తరహా జబ్బు వచ్చిందని వారి అభిప్రాయం. అంటే కళ ఎక్కడ ముగుస్తుందో, వ్యాధి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం నిపుణులకే కష్టం.

మందు తగ్గించారు. మూడు వారాలపాటు నేను కుంచె ముట్టుకోలేదు. ముట్టుకోవాలని అనిపించలేదు. కోరిక లేకపోవడం నొప్పిగా కూడా ఉండదు, అదే దానిలోని దిగులు. నాలుగవ వారంలో ఒక ఉదయం చుక్కలు పెట్టాను. గీతలు గీయకుండా లేచిపోయాను. మరుసటి రోజు రెండు వరుసలు గీశాను. ఆ కాగితం పూర్తి కావడానికి పదకొండు రోజులు పట్టింది.

పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూశాను. మందు ఎక్కువగా ఉన్న రోజుల కాగితాలలో అంగుళం ఖాళీ లేదు; అంచు నుంచి అంచు వరకు చిన్న చిన్న గళ్ళు. వాటిలో వేగం ఉంది, మెరుపు ఉంది, నిజం చెప్పాలంటే రెండు మూడు ఇప్పటి వాటికంటె బాగున్నాయి. వాటిని చించివేయలేదు. ఇప్పటి వాటిలో ఖాళీ ఎక్కువ, ఎక్కడ ఆపాలో నేను చూసుకుంటున్నాను. ఏవి నావి అంటే రెండూ నావే అని మా నాడీవైద్యుడు అంటాడు. ఆయన మాటతో నాకు ఇంకా పూర్తిగా సమాధానం కలగలేదు.

ఆయన ఆసుపత్రిలో వంతు కోసం వేచి ఉన్నప్పుడు ఒకాయన పరిచయమయ్యాడు. దుకాణాల బోర్డులు వ్రాసే వృత్తి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది, ఈ వ్యాధి వచ్చాక ఆగిపోయింది. "అక్షరం నిలబడట్లేదు డాక్టరు గారూ. అందుకని రేకు మీద అడుగున వేసే రంగు ఒక్కటే వేస్తున్నా. ఎండిపోయాక దాని మీద ఇంకోటి. అక్షరం రాయను" అన్నాడు. ఫోనులో ఫోటోలు చూపించాడు. ఎండుమిరప ఎరుపు, దాని అంచున క్రింది పొర నుంచి తొంగిచూసే పసుపు. నైరూప్య చిత్రమనే మాట ఆయన విననైనా లేదు. ఎవరికీ చూపించలేదట, పిచ్చి అనుకుంటారని. నాకు చూపించాడు.

ఈ పని మొదలుపెట్టదలచినవారికి కొన్ని మాటలు. బొమ్మలు వేయడం వల్ల నశించే కణాలు ఆగవు. వ్యాయామాన్ని, మందును వదలి కుంచె పట్టుకోకండి. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకో గంటకో చేయి తేలికపడుతుంది, ఆ వేళనే ఎంచుకోండి. లెవోడోపా మాత్రను భోజనానికి అరగంట ముందే వేసుకుంటే మంచిది. పప్పు, పెరుగు, మాంసం వంటి మాంసకృత్తులు దాని శోషణకు అడ్డుతగులుతాయి. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగానే ఉంది, నిజమే. కాని ఆ చూర్ణాన్ని వైద్యునికి చెప్పకుండా మాత్రలతో కలిపి వాడితే మోతాదు మీరుతుంది. కుంచె కాడకు గుడ్డ చుట్టి లావు చేసుకుంటే పట్టు దొరుకుతుంది. చేతులున్న కుర్చీలో కూర్చుని, మోచేయి బల్లకు ఆనించండి. నీళ్ళలో కలిసే రంగులు చాలు, టర్పెంటైను జోలికి వెళ్ళవద్దు. కుంచె కడిగే గ్లాసు, టీ గ్లాసు ఒకే బల్ల మీద ఉండకూడదు, ఎందుకని అడగకండి. ఇంట్లోవారు బొమ్మ చూసి "ఇదేమిటి?" అని అడగడం మానుకుంటే చాలు, మెచ్చుకోనక్కరలేదు. దిగులు రెండు వారాలకు మించి ఉంటే రంగులతో సరిపెట్టకుండా వైద్యునికి చెప్పండి. ఈ వ్యాధిలో దిగులు కూడా ఒక లక్షణమే, దానికి చికిత్స ఉంది.

నడవాలో అంటించిన టేపులు తడిగుడ్డకు ఊడిపోతున్నాయి. వాటి స్థానంలో నేలమీద రంగుతోనే పట్టెలు వేసేద్దామని మా శ్రీమతి అంటోంది. ఊరికే పట్టెలెందుకు, మధ్యమధ్య చుక్కలు కూడా పెడతానన్నది. నీలం రంగు వేయమన్నాను. నీలం మీద మట్టి కనిపిస్తుందని ఆమె ఇంకా ఒప్పుకోలేదు.